చమురు కొలువు... సగం ఏడాది సెలవు!

ఏడాదిలో ఆరు నెలలు సెలవిచ్చే ఉద్యోగం ఒకటుంది. మీకు తెలుసా? ముంబయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన, నడిసముద్రంలో ఉన్న బాంబే హై చమురు క్షేత్రంలో ఓఎన్‌జీసీ సిబ్బందికి 14 రోజులు డ్యూటీ, 14 రోజులు ఇల్లు. ఆహా అనకండి అప్పుడే! డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ రోజుకు 12 గంటల పని. ఆదివారం లేదు, సంక్రాంతి లేదు, కొత్తల్లుడి మర్యాదలు అసలే లేవు!

నార్వే వాళ్ళు ఇంకో మెట్టు పైన. సముద్రంలో రెండు వారాలు పని, ఇంట్లో నాలుగు వారాలు విశ్రాంతి. లెక్కేస్తే ఏడాదికి సుమారు 120 రోజుల పని. మన దగ్గర ఈ హాజరుతో కాలేజీకి వెళ్తే హాల్‌టికెట్టే ఇవ్వరు!

జీతం జీతంగా మిగిలిపోయే చోటు ఏదో చెప్పండి? సముద్రపు రిగ్గు! తిండి ఉచితం, పడక ఉచితం, బట్టలు ఉతికి ఇవ్వడమూ ఉచితమే. రాకపోకల హెలికాప్టరూ కంపెనీదే. పోనీ, ఖర్చు పెడదామన్నా చుట్టూ ఉన్నది ఉప్పునీళ్ళు. అప్పు అడిగే చుట్టాలు కూడా అక్కడిదాకా ఈదలేరు!

రిగ్గు మీద ఒకే గదిలో ఉండేవాళ్ళు ఒకరినొకరు పెద్దగా చూసుకోరని మీకు తెలుసా? ఒకరిది పగటి షిఫ్టు, ఇంకొకరిది రాత్రి షిఫ్టు. ఈయన నిద్రలేచేసరికి ఆయన దుప్పటి కప్పుకుంటాడు. గురక గురించి గొడవ పడటానికి కూడా టైము కుదరదు పాపం!

మందు? చుక్క దొరకదు. అగ్గిపెట్టె, లైటర్ హెలికాప్టర్ ఎక్కకముందే జేబులోంచి తీయించేస్తారు. కాళ్ళ కింద ఊరిని వెలిగించేంత ఇంధనం, జేబులో మాత్రం అగ్గిపుల్ల ఉండదు!

ఈ ఉద్యోగస్థుల ఆఫీసు ఫొటో మీ పర్సులోనే ఉండొచ్చు. తెలుసా? 2015లో మళ్ళీ అచ్చయిన రూపాయి నోటు దొరికితే వెనక్కి తిప్పండి. అక్కడ కనిపించేది ‘సాగర్ సమ్రాట్’. జపాన్‌లో తయారై, 1974లో బాంబే హైలో మొదటి బావి తవ్విన రిగ్గు అది. కోట్లు కురిపించిన రిగ్గుకు దక్కింది ఒక్క రూపాయి!

భుజాలు కొలిచి మరీ సీటు ఇచ్చే ప్రయాణం ఏదో ఊహించండి. బ్రిటన్‌లో ఉత్తర సముద్రపు రిగ్గులకు వెళ్ళే హెలికాప్టర్! 2015 నుంచి అక్కడ రూలు మారింది. భుజాల వెడల్పు 22 అంగుళాలు దాటినవాళ్ళు పెద్ద కిటికీ పక్కనే కూర్చోవాలి. హెలికాప్టర్ నీళ్ళలో పడితే ఆ కిటికీలోంచి దూరగలగాలి కదా! విండో సీటు కోసం జిమ్‌కు వెళ్ళాల్సిన రోజులొచ్చాయన్నమాట.

అసలు ఆ హెలికాప్టర్ ఎక్కాలంటే ముందు ఒక పరీక్ష పాసవ్వాలి. ఈత కొలను మీద హెలికాప్టర్ డొల్ల ఒకటి వేలాడుతుంటుంది. అందులో బెల్టు బిగించుకుని కూర్చోవాలి. నీళ్ళలోకి దించుతారు. ముంచుతారు. ముంచి ఊరుకోరు, తలకిందులుగా తిప్పుతారు! ముక్కుల్లోకి నీళ్ళు జివ్వుమని ఎక్కుతాయి. ఒక చెయ్యి కిటికీ చట్రం మీద, ఇంకో చెయ్యి బెల్టు మీద. డొల్ల తిరగడం పూర్తిగా ఆగేదాకా బెల్టు విప్పకూడదు. తొందరపడి విప్పారా, ఏది పైనో ఏది కిందో తెలియదు. ఆగాక కిటికీ తోసి, చట్రం వదలకుండా బయటపడాలి. ఇంటర్వ్యూలో నీళ్ళు నమలడం విన్నాం, మింగడం ఇక్కడే!

ఇంతకీ రిగ్గు మీద చేసే పనేమిటి? గొట్టానికి గొట్టం తగిలించడం. ఒక్కో గొట్టం సుమారు 30 అడుగులు. మూడు వేల మీటర్ల బావికి 300కు పైగా గొట్టాలు కావాలి. అడుగున రాయిని కొరికే బిట్టు అరిగిపోయిందనుకోండి, మొత్తం బయటికి లాగాల్సిందే! మూడేసి గొట్టాల చొప్పున లాగి, జారిపోకుండా బిగించి, మర విప్పి, బురద కారుతున్న గొట్టాన్ని పక్కన నిలబెట్టాలి. ఇలా వందసార్లకు పైగా. ఆ తర్వాత బిట్టు మార్చి, మరలకు బ్రష్షుతో గ్రీజు పూసి, మళ్ళీ అన్నీ ఒక్కొక్కటే దించాలి. బిట్టు తయారుచేసినవాణ్ణి ఆ సమయంలో అందరూ తలచుకుంటారు. ఏ మాటలతో అని మాత్రం అడక్కండి!

ఆ గొట్టాల తలలు పట్టుకునేదెవరు? దాదాపు 90 అడుగుల ఎత్తున, చిన్న పలక మీద, నడుముకు పట్టీ కట్టుకుని ఒకతను నిలబడి ఉంటాడు. వానొచ్చినా, గాలొచ్చినా ఊగే గొట్టాన్ని ఒడుపుగా లాగి వరసలో పెడతాడు. కింద నుంచి ఎవరైనా ‘టీ తాగుతావా’ అని అడిగితే అంతకంటే పెద్ద హింస లేదు!

మన ముగ్గురాయికి సౌదీ, కువైట్ బావులతో చుట్టరికం ఉందని మీకు తెలుసా? బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాస్ తన్నుకు రాకుండా బరువైన బురదను పంపుతారు. ఆ బురదకు బరువిచ్చేది బెరైటీస్ పొడి. అదే రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దొరికే ముగ్గురాయి! ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. బ్లోఅవుట్ రాకుండా బావి మీద కూర్చునేది మన సీమ రాయే!

గోరుచిక్కుడు కూరకు, అమెరికా చమురుకు లంకె ఏమిటి? లంకె గింజలో ఉంది. గోరుచిక్కుడు గింజల జిగురు నీటిని చిక్కబరుస్తుంది. రాతిని పగలగొట్టి చమురు లాగే బావుల్లో ఆ చిక్కటి ద్రవమే ఇసుకను పగుళ్ళలోకి మోసుకెళ్తుంది. ప్రపంచపు గోరుచిక్కుడులో దాదాపు 80 శాతం మన దేశానిదే. అమెరికాలో డ్రిల్లింగ్ జోరందుకోగానే రాజస్థాన్ రైతుల పంట పండింది. ధర ఎంత పిచ్చిగా ఎగిరిందంటే 2012లో ముందస్తు బేరాల ‘ఫ్యూచర్స్’ ట్రేడింగే ఆపేయాల్సి వచ్చింది. ఇకనుంచి గోరుచిక్కుడు వేపుడు వద్దనే పిల్లలకు ఈ సంగతి చెప్పండి!

ఉత్తరం ఆలస్యమై ఒక పరిశ్రమ పుట్టిందంటే నమ్ముతారా? అమెరికాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్విస్తున్నాడు. ఊరంతా నవ్వింది. పెట్టుబడిదారులకు విసుగొచ్చి, అప్పులు తీర్చి పని ఆపేయమని ఉత్తరం రాశారు. అది చేరేలోగా, 1859 ఆగస్టు 27న, 69న్నర అడుగుల లోతులో చమురు పడింది!

అంతటితో అయిపోలేదు. ఇరాన్‌లోని మస్జిద్ సులేమాన్‌లో 1908లో జార్జ్ రేనాల్డ్స్ తవ్వుతుంటే అచ్చం అదే కథ! పని ఆపమని గ్లాస్గోలోని కంపెనీ నుంచి ఉత్తరం బయల్దేరింది. అది దారిలో ఉండగానే మే 26 తెల్లవారుజామున చమురు చిమ్మింది. వాట్సాప్ గనక అప్పుడే ఉండి ఉంటే మధ్యప్రాచ్యం చరిత్ర బ్లూటిక్ దగ్గరే ఆగిపోయేది!

మరి ఆ డ్రేక్ ఎంత సంపాదించాడో తెలుసా? ఏమీ లేదు! తన పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. ఉన్న డబ్బు సట్టా వ్యాపారంలో పోగొట్టుకున్నాడు. చివరికి పెన్సిల్వేనియా రాష్ట్రం ఏడాదికి 1,500 డాలర్ల పింఛను ఇచ్చి ఆదుకుంది. బావి తవ్వినవాడికి నీళ్ళు, పక్కవాడికి నూనె!

చమురు పరికరాల గోదాములో ఊడ్చి, పంపులకు రంగులేసిన కుర్రాడు ఏమయ్యాడో చెప్పుకోండి? అమెరికా అధ్యక్షుడయ్యాడు! పెద్ద జార్జ్ బుష్ 1948లో టెక్సస్‌లోని ఒడెస్సాలో చిన్న క్లర్కుగా మొదలుపెట్టారు. మీ అబ్బాయి చీపురు పట్టనంటే ఈ పేరా చూపించండి.

నీళ్ళకంటే నూనె చవకైన రోజు! ఎప్పుడో తెలుసా? 1901 జనవరి 10న టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్ బావి పేలినట్టు చిమ్మింది. 150 అడుగులకు పైగా ఎత్తు, రోజుకు సుమారు లక్ష పీపాలు, మూత పెట్టడానికి తొమ్మిది రోజులు. పక్కనున్న బోమంట్ ఊరికి జనం వరదలా వచ్చిపడ్డారు. కొన్నాళ్ళకు పీపా చమురు మూడు సెంట్లకు పడిపోతే, కప్పు మంచినీళ్ళు అయిదు సెంట్లు పలికాయి. అందరూ కోటీశ్వరులే, అందరికీ దాహమే!

అమెరికాలో అత్యంత ఖరీదైన అద్దె ఎక్కడ? న్యూయార్క్ అన్నారా? తప్పు! 2014లో ఆ కిరీటం నార్త్ డకోటాలోని విలిస్టన్ అనే చిన్న ఊరిది. చమురు పనికి వచ్చినవాళ్ళతో ఊరు కిక్కిరిసి, ఒక పడగ్గది ఇంటికి నెలకు సుమారు 2,400 డాలర్లు అడిగారు. పెద్ద జీతాలవాళ్ళు కూడా వాల్‌మార్ట్ పార్కింగ్‌లో, కార్లలో పడుకున్నారు. డిగ్రీ లేకుండా అంత జీతమా అని ఈర్ష్యపడేవాళ్ళు ఆ కారు వెనక సీట్లో ఒక్క రాత్రి నడుం వాల్చి చూడాలి.

మీకు తెలుసా? చమురు ‘తీసుకెళ్ళండి బాబూ’ అని ఎదురు డబ్బిచ్చిన రోజు కూడా ఉంది! 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర పీపాకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కరోనాతో వాడేవాళ్ళు లేరు, నింపడానికి ట్యాంకులు లేవు. అదే రోజు హైదరాబాద్ బంకులో మాత్రం ఎవరూ ఎవరికీ ఎదురు డబ్బివ్వలేదు లెండి!

నవ్వుకున్నాం గానీ, ఆ కొద్ది నెలల్లోనే అమెరికా చమురు రంగంలో లక్ష ఉద్యోగాల దాకా ఊడిపోయాయి. అంతకుముందు 2014 మధ్యలో 110 డాలర్లు దాటిన పీపా ధర 2016 జనవరికి 30 లోపుకు జారినప్పుడూ ఇదే తంతు. ఎంత బాగా పనిచేశారన్నది మీ చేతిలో ఉంది. ఉద్యోగం ఉంటుందా అన్నది పీపా చేతిలో ఉంది! నన్నడిగితే ఈ కొలువులో అసలు నష్టం మంట కాదు, ఇదే.

మంట మాటెత్తాం కాబట్టి ఓ ప్రశ్న. అమెరికా చమురు కార్మికులను ఎక్కువగా చంపేది ఏది? బ్లోఅవుటా? నిప్పా? ఎత్తు నుంచి పడటమా? ఒక్కటీ కాదు. రోడ్డు! 2003 నుంచి 2013 దాకా జరిగిన మరణాల్లో దాదాపు 40 శాతం ప్రయాణ ప్రమాదాలే. పన్నెండు గంటల షిఫ్టు దిగి, నిద్రకళ్ళతో వందల మైళ్ళు బండి నడపడం ఒక కారణం. బావి దగ్గర హెల్మెట్, బూట్లు, కళ్ళద్దాలు అన్నీ పెట్టుకున్న మనిషి కారెక్కాక సీటు బెల్టు మర్చిపోతాడు!

మొత్తమ్మీద అమెరికాలో ఈ రంగంలో పనిచేస్తూ చనిపోయే రేటు మిగతా ఉద్యోగాల సగటుకు ఏడు రెట్లు. 2003 నుంచి 2010 వరకు అక్కడి ప్రభుత్వం వేసిన లెక్క ఇది. జీతం మాత్రం ఏడు రెట్లు ఉండదు. ఈ కూడిక, తీసివేత ఎవరికి వారు చేసుకోవలసిందే.

గడ్డం పెంచితే ఉద్యోగానికి ఎసరు ఎందుకో తెలుసా? కొన్ని బావుల్లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. తప్పించుకోవాలంటే మొహానికి మాస్కు గాలి చొరకుండా అతుక్కోవాలి. మధ్యలో గడ్డం అడ్డొస్తే అతుక్కోదు. అంతకంటే గమ్మత్తు, కాదు కాదు, ఘోరం ఏమిటంటే గ్యాస్ పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది. కంపు కొడితే జాగ్రత్త. కంపు ఆగిపోతే పరుగో పరుగు!

2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు! ఆసియాలో సరిగ్గా కొలిచిన అత్యధిక వేడి అది. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు మన ఊరి మే నెలను ‘చల్లగానే ఉంది కదా’ అంటే కోప్పడకండి. అక్కడ వేసవిలో మిట్టమధ్యాహ్నం ఎండలో పనిచేయించకూడదని చట్టమే ఉంది.

రిగ్గు మీద పని ఆపించే అధికారం ఎవరికి ఉంటుందో చెప్పండి? మేనేజరుకా? కాదు, అందరికీ! చాలా కంపెనీల్లో ప్రమాదం కనబడితే వంటవాడైనా, నిన్న చేరిన కుర్రాడైనా ‘ఆపండి’ అనొచ్చు. ఆపినందుకు తిట్టకూడదు. ఈ రూలు ఇళ్ళల్లోకి వస్తే ఎంత బాగుణ్ణో!

ఈ రూళ్ళన్నీ ఊరికే రాలేదు. 1988 జులై 6 రాత్రి ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫామ్ తగలబడింది. 167 మంది చనిపోయారు, 61 మంది బతికారు. గదుల్లో చేరి ఆదేశాల కోసం ఎదురుచూసినవాళ్ళే ఎక్కువమంది పోయారు. పద్ధతి తప్పి చీకట్లో సముద్రంలోకి దూకినవాళ్ళలో చాలామంది బయటపడ్డారు. దర్యాప్తు తర్వాత వచ్చిన సిఫార్సులు 106. ఇక్కడ జోకు లేదు.

2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీదికి పెద్ద అధికారులు వచ్చారు. ఎందుకో తెలుసా? ఏడేళ్ళుగా పెద్ద ప్రమాదమేదీ జరగనందుకు సిబ్బందిని అభినందించడానికి! ఆ రాత్రే రిగ్గు పేలింది. 11 మంది పోయారు. సముద్రగర్భంలో ఆ బావి 87 రోజులు కారుతూనే ఉంది.

వంటవాడి వేలు తెగితే ఒక ప్లాట్‌ఫామ్ మునిగిపోతుందా? మునిగింది! 2005 జులై 27న, ముంబయిని ముంచెత్తిన వాన మర్నాడు, బాంబే హై దగ్గర ఓడలో ఉన్న వంటతనికి వేళ్ళు తెగాయి. హెలికాప్టర్లు ఎగరలేని వాతావరణం. వైద్యం కోసం ప్లాట్‌ఫామ్ మీదికి చేర్చబోతే ఓడ ఊగి గ్యాస్ గొట్టాలకు తగిలింది. రెండు గంటల్లో ప్లాట్‌ఫామ్ బూడిద. 22 మంది చనిపోయారు, 362 మందిని కాపాడారు. కూరగాయల కత్తికి ఇంత పొడుగు చేయి ఉంటుందని ఎవరనుకున్నారు!

కోనసీమవాళ్ళను మాత్రం ‘మీకు తెలుసా’ అని అడిగే పనిలేదు, వాళ్ళకే బాగా తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుంది. సంక్రాంతి వచ్చి వెళ్ళింది, శివరాత్రి వచ్చి వెళ్ళింది, మంట మాత్రం వెళ్ళలేదు. 65 రోజులు! కొబ్బరి తోటలు మాడిపోయాయి. ఊళ్ళు ఖాళీ చేశారు. ఆర్పడానికి అమెరికా నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది. ఈ మొత్తం లెక్కలో నాకు కొరుకుడు పడనిది ఇదే. రిగ్గు మీద ఉన్నవాడికి జీతం, బీమా, సెలవు ఉన్నాయి. పక్క తోటవాడు ఏ అప్లికేషనూ పెట్టకుండానే ఆ ప్రమాదంలో భాగస్వామి అయ్యాడు.

అస్సాంలోని బాగ్జాన్ ఇంకా మొండిది. 2020 మే 27న బావి అదుపు తప్పింది, జూన్ 9న అంటుకుంది, నవంబర్ 15కు గానీ పూర్తిగా ఆరలేదు. పాశర్లపూడి రికార్డు ఎవరూ అడక్కుండానే బద్దలైంది!

మంటను బాంబుతో ఆర్పుతారని మీకు తెలుసా? పేలుడు ఒక్క క్షణం ఆక్సిజన్‌ను లాగేస్తుంది, మంట ఊపిరాడక ఆరిపోతుంది. ఈ విద్యలో మొనగాడు అమెరికన్ రెడ్ అడైర్. 1961లో అల్జీరియా ఎడారిలో అంటుకున్న గ్యాస్ బావి మంట సుమారు 450 అడుగుల ఎత్తు లేచింది. అంతరిక్షంలో తిరుగుతున్న జాన్ గ్లెన్‌కు కూడా కనబడింది! 1962 ఏప్రిల్ 28న రెడ్ అడైర్ దాన్ని ఆర్పాడు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి ఆర్పడానికి ఆయన్ను పిలిచే ధైర్యం ఎవరికైనా ఉండేదా?

ఉండేది! 1991లో కువైట్‌లో 600కు పైగా బావులు తగలబడుతుంటే ఈయన్నే పిలిచారు. వయసెంతో తెలుసా? 76వ పుట్టినరోజు అక్కడే గడిచింది. ఆయన బృందం మూసిన బావులు 117. ఏళ్ళు పడుతుందన్న పని నవంబర్ 6కల్లా పూర్తయింది. హంగేరీ వాళ్ళయితే పాత యుద్ధట్యాంకు మీద రెండు మిగ్-21 ఇంజన్లు బిగించి, నీళ్ళు కలిపి మంట మీదికి ఊదారు. రిటైర్మెంటు వయసు పెంచమని అడిగే ఉద్యోగ సంఘాలు ఈ పెద్దాయన ఫొటో పెట్టుకోవచ్చు.

అంతరిక్షం నుంచి ఇంటికి రావడం తేలికా, సముద్రం అడుగు నుంచా? అంతరిక్షమే! సోయుజ్ వ్యోమనౌకలో మూడున్నర గంటల్లో నేల మీదికి దిగొచ్చు. సముద్రం అడుగున పైపులు బిగించే సాచురేషన్ డైవర్ 100 మీటర్ల లోతు నుంచి పైకి రావాలంటే నాలుగు రోజుల దాకా పడుతుంది. ఓడ మీదే ఉంటాడు. ఇనుప గదిలో కూర్చుని ఒత్తిడి తగ్గే దాకా ఎదురుచూస్తుంటాడు. గాజు అవతల జనం తిరుగుతుంటారు, తలుపు మాత్రం తీయకూడదు. తీస్తే ప్రాణం పోతుంది. ఒక్కో విడత ఈ గదిలో 28 రోజుల దాకా కాపురం. పీల్చేది హీలియం కలిపిన గాలి కాబట్టి గొంతు కీచుమంటుంది. పైవాళ్ళకు అర్థం కావాలంటే మధ్యలో యంత్రం గొంతును సరిచేయాలి. ఈ గొంతుతో జీతం పెంచమని అడిగితే ఎవరు సీరియస్‌గా తీసుకుంటారు?

2012లో ఉత్తర సముద్రంలో క్రిస్ లెమన్స్ అనే డైవర్‌కు సుమారు 90 మీటర్ల లోతులో గాలి గొట్టం తెగిపోయింది. వీపున ఉన్న గాలి అయిదారు నిమిషాలకే. సాయం చేరేసరికి అరగంట దాటింది. ఏమయ్యాడనుకున్నారు? బతికాడు! కొద్ది వారాల్లోనే మళ్ళీ అదే పనికి దిగాడు. మనకు కరెంటు పోతేనే ఆ రోజు పని బంద్!

సముద్రం మధ్యలో సినిమా హాలున్న ఊరు! కాస్పియన్ సముద్రంలో అజర్‌బైజాన్ వాళ్ళ నెఫ్త్ దాష్లారీ. 1949లో పాత ఓడల్ని ముంచి, వాటి మీద మొదలుపెట్టిన చమురు పట్టణం అది. బహుళ అంతస్తుల ఇళ్ళు, బేకరీ, మైళ్ళకొద్దీ వంతెనలు. ఒకప్పుడు అయిదు వేలమంది ఉండేవారు. జేమ్స్ బాండ్ కూడా ఒక సినిమాలో అక్కడ తిరిగాడు. ఇల్లు సముద్రతీరంలో కావాలనేవాళ్ళకు ఇదిగో సముద్రంలోనే!

నార్వే ట్రోల్-ఎ ప్లాట్‌ఫామ్ ఎత్తు 472 మీటర్లు. దాని బోలు కాలు లోపల, సముద్రమట్టానికి 303 మీటర్ల కింద, 2006లో గాయని కేటీ మెలువా పాటకచేరీ చేసింది. గిన్నిస్ రికార్డు! పాడేముందు ఆమెకూ వైద్య పరీక్షలు, ప్రాణరక్షణ శిక్షణ తప్పలేదు. శ్రోతలు ఆ రిగ్గు కార్మికులే. నచ్చకపోయినా లేచి వెళ్ళిపోలేని ప్రేక్షకులు దొరకడం ఏ గాయనికైనా అదృష్టమే కదా!

చమురు తోడితే నేల కుంగుతుందా? అదే నార్వేలోని ఎకోఫిస్క్‌లో సముద్రపు అడుగు మీటర్లకొద్దీ కుంగింది. ప్లాట్‌ఫాములు అలలకు అందేంత కిందికి దిగిపోయాయి. ఏంచేశారు? 1987లో పంక్చరైన కారు కింద జాకీ పెట్టినట్టు, ఉక్కు ప్లాట్‌ఫాముల్ని ఆరు మీటర్లు పైకి లేపారు!

ఇప్పుడొచ్చేది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1980 నవంబర్ 20. లూసియానాలోని పెన్యూర్ సరస్సు. లోతు పదడుగులే. చమురు కోసం 14 అంగుళాల బిట్టుతో తవ్వుతుంటే అది ఇరుక్కుపోయింది. రిగ్గు ఒరగసాగింది. సిబ్బంది ఒడ్డుకు చేరి వెనక్కి చూస్తే రిగ్గు మాయం! సరస్సు కింద ఉప్పు గని ఉంది, బిట్టు దాని కప్పుకు చిల్లు పెట్టింది. నీళ్ళు సుడి తిరుగుతూ దిగాయి. 11 పడవలు, చెట్లు, నేల అన్నీ లోపలికే! సముద్రానికి వెళ్ళే కాలువ వెనక్కి పారి జలపాతమైంది. గనిలో ఉన్న 50 మందికి పైగా కార్మికులు బయటపడ్డారు. ఒక్క మనిషి ప్రాణం పోలేదు! రెండురోజుల తర్వాత తొమ్మిది పడవలు బుడుంగుమని పైకి తేలాయి. పదడుగుల సరస్సు లోతు 200 అడుగులైంది. ‘ఆఫీసులో ఇవాళ ఏం జరిగింది’ అని ఆ రాత్రి ఇంట్లో అడిగితే ఎక్కడ మొదలుపెట్టి చెప్పి ఉంటారో!

ఎవరెస్టును పడుకోబెట్టి కొలిస్తే? 2022లో అబుదాబి వాళ్ళు తవ్విన ఒక బావి పొడవు 50,000 అడుగులు, అంటే 15 కిలోమీటర్ల పైమాటే. ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు! ఎక్కువ భాగం అడ్డంగా వెళ్తుంది లెండి. తవ్వేవాళ్ళకు మధ్యలో ఫొటో దిగే శిఖరం ఉండదు, అదొక్కటే లోటు.

సౌదీ అరేబియాలో మొదటి ఆరు బావులూ నిరాశపరిస్తే, 1938 మార్చిలో ఏడోది పండింది. 1982 దాకా అది ఇచ్చిన చమురు 3 కోట్ల 20 లక్షల పీపాలు! అక్కడ చమురు వెతికిన భూగర్భ శాస్త్రవేత్తలకు ఎడారిలో దారి చూపింది ఖమీస్ బిన్ రిమ్థాన్ అనే బెడూయిన్. మ్యాపు లేదు, దిక్సూచి లేదు, తప్పిపోవడమూ లేదు. ఒక చమురు క్షేత్రానికి ఆయన పేరే పెట్టారు. ‘యు-టర్న్ తీసుకోండి’ అని ఒక్కసారీ అనని జీపీఎస్!

మన దేశంలో ఈ కొలువుకు పుట్టిల్లు ఏది? అస్సాంలోని దిగ్బోయ్. 1901లో మొదలైన శుద్ధి కర్మాగారం ఇంకా నడుస్తోంది. ఏనుగు కాళ్ళకు అంటిన నల్లటి జిడ్డును చూసి చమురు కనిపెట్టారని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఆ ఏనుగుకు పింఛను ఇచ్చిన దాఖలా మాత్రం లేదు!

ఇటు మన తీరమూ తక్కువ తినలేదు. కాకినాడకు ఎదురుగా లోతైన సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో చమురు తీయడం మొదలుపెట్టింది. విశాఖలో 2016 నుంచి పెట్రోలియం చదువుకే ఒక జాతీయ సంస్థ ఉంది. ఈత నేర్చుకోవడం మాత్రం మీ ఖర్చే.

ఆఖరి ప్రశ్న. రైలుకు టైముందని ఆఫీసులోకి తొంగిచూస్తే ఉద్యోగం దొరుకుతుందా? 1968లో ఇరాక్ భూగర్భ శాస్త్రవేత్త ఫరూక్ అల్ కాసిం కొడుకు వైద్యం కోసం మంచి కొలువు వదులుకుని, భార్య దేశమైన నార్వేకు వచ్చాడు. ఓస్లోలో దిగాడు. ఊరెళ్ళే రైలు సాయంత్రానికి. ఖాళీగా కూర్చోలేక పరిశ్రమల శాఖకు వెళ్ళి, ఇక్కడ చమురు కంపెనీలేమైనా ఉన్నాయా, పేర్లు రాసిస్తారా అని అడిగాడు. కాసేపాగి రమ్మన్నారు. వెళ్తే, పేర్ల జాబితాకు బదులు ఇంటర్వ్యూ! ఉత్తర సముద్రం నుంచి వచ్చిన తవ్వకాల వివరాలు చూసేందుకు అక్కడ ముగ్గురే ఉన్నారు, అనుభవజ్ఞుడు ఒక్కడూ లేడు. నార్వే చమురు విధానాన్ని తీర్చిదిద్దినవాళ్ళలో ఆయన ఒకడయ్యాడు, ఆ దేశం బిరుదిచ్చి గౌరవించింది. సాయంత్రం రైలు అందుకున్నాడా అంటారా? రెజ్యూమె లేకుండా అంత ఉద్యోగం కొట్టినవాణ్ణి పట్టుకుని రైలు సంగతి అడుగుతారేమిటండీ!